మేడమీద మట్టికుండలు

వెంకటరత్నం మాట్లాడే మనిషి కాడు. తణుకులో ఆయన కిరాణా కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. సరుకు అడిగితే తూచి ఇస్తాడు. లేకపోతే తల అడ్డంగా ఊపుతాడు. అంతకు మించి ఆశించిన వాళ్ళు పక్క కొట్టుకి వెళ్ళి కబుర్లు చెప్పుకుంటారు.

కొట్టు వెనకే ఇల్లు. ఆ ఇంటిమీద కొడుకు సుమంత్ కొత్తగా మేడ కట్టించాడు. వంటిల్లు, పడగ్గదులు అన్నీ పైకి వెళ్ళిపోతాయి. కింద ఇల్లంతా కొట్టుకి గోడౌను అవుతుంది. శ్రావణమాసంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు.

మేడ కట్టించింది సుమంతే గాని, అది ఎలా ఉండాలో చెప్పింది కోడలు హరిచందన. రాజమండ్రి పిల్ల, అపార్టుమెంటులో పుట్టి పెరిగింది. హాల్లో ఒక గోడంతా గూళ్ళు పెట్టించింది. పాతకాలం ఇళ్ళలో దీపం పెట్టుకునే గూళ్ళలాంటివే, కాకపోతే ఒక్కొక్క గూటికీ పైన చిన్న లైటు. ఇత్తడి సామాను పెడుతుంది కాబోలు అనుకున్నారు అందరూ. కాదంది. ఇత్తడి ఎవరింట్లోనైనా ఉంటుంది, నాకు మట్టివి కావాలి అంది. అదీ వంటింట్లో వాడి వాడి నల్లబడిన పాత కుండలే కావాలంది.

"కుమ్మరి దగ్గర దొరుకుతాయి కదమ్మా," అన్నాడు వెంకటరత్నం.

"కొత్తవి ఎవరిక్కావాలి మావయ్యగారూ! ఇదిగో చూడండి," అని ఫోను ఆయన కళ్ళముందు పెట్టింది. ఎవరిదో బెంగుళూరు ఇల్లు. తెల్లటి గోడకి నల్లటి కుండలు వరసగా, మీద లైట్లు. "ఈ నలుపు రంగు డబ్బాలోంచి వచ్చేది కాదు. ఎన్నేళ్ళు పొయ్యిమీద కూర్చుంటే వస్తుందో!"

ఆయన చూశాడు. కుండకి లైటెందుకో ఆయనకి అర్థం కాలేదు. కోడలి ముఖం వెలిగిపోతోంది కదా అని ఊరుకున్నాడు.

హరిచందన చుట్టాలిళ్ళన్నీ తిరిగింది. తణుకులో తిరిగింది, పాలకొల్లు వెళ్ళింది, రాజమండ్రిలో తన మేనత్తగారి అటక కూడా ఎక్కింది. ఆవకాయ జాడీలు దొరికాయి. ఉప్పు పోసుకునే చెక్క మరిగె దొరికింది. గంగాళాలు ఇస్తామన్నారు. మట్టికుండ మాత్రం ఒక్క ఇంట్లోనూ లేదు.

"పాతకాలంలో అందరూ మట్టిలోనే వండేవారంటారు. మరి ఒక్కటైనా మిగలదా? మీ వాళ్ళందరూ కుండలు పగలగొట్టడమే పనిగా పెట్టుకున్నారేంటి?" అంది మొగుడితో.

"అవును మరి, కోపం వస్తే మాకదే పని," అన్నాడు సుమంత్. "నువ్వు కొంచెం జాగ్రత్తగా ఉండు."

అప్పుడు వెంకటరత్నానికి జ్ఞానమ్మ గుర్తొచ్చింది. ఊరికి దగ్గర్లో, కాలవగట్టు మీద చర్చి పక్కనే ఆమె ఇల్లు. పొలం పనులు చేసినంతకాలం శనివారం శనివారం కొట్టుకి వచ్చి సరుకులు పట్టుకెళ్ళేది. పోయిన ఏడు ఆమెకి కాలు బాగోలేదంటే చూడ్డానికి వెళ్ళాడు. పెరట్లో పాక కింద కుండలు బోర్లించి ఉండటం అప్పుడు చూశాడు. బాగా నల్లటి కుండలు.

"ఒకచోట ఉన్నాయి. రేపు వెళ్దాం," అన్నాడు. కోడలు ఎగిరి గంతేసింది.

మర్నాడు బుల్లియ్య ఆటోలో వెళ్ళారు. జ్ఞానమ్మ అరుగుమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఈయన్ని చూసి లేవబోయింది.

"ఆయ్, షావుకారుగారే! కబురంపితే నేనే వద్దును కదండీ. మెర్సీ, కుర్చీలు తేమ్మా!"

మెర్సీ జ్ఞానమ్మ కోడలు, బడిలో టీచరు. కుర్చీలు వేసింది. వచ్చిన పని హరిచందనే చెప్పింది. జ్ఞానమ్మ నవ్వి పాక దగ్గరికి తీసుకెళ్ళింది. అన్నం వండే కుండలు, వాటిమీద మూకుళ్ళు, పెరుగు తోడుపెట్టే చట్టి, వెడల్పు మూతితో పులుసు దాక. దాక అయితే నిగనిగలాడుతోంది. ఎన్ని చేపలు ఉడికాయో దాన్లో, నూనె తాగి తాగి రాయిలా అయింది.

"మా అత్తగారి నాటివండి. నేను కాపరానికొచ్చేసరికే ఉన్నాయి. అరవై ఏళ్ళ పైమాటే."

"అరవై ఏళ్ళా!" అని హరిచందన దాకని రెండు చేతులతో పట్టుకుంది. చీరకి మసి అంటుకున్నా చూసుకోలేదు.

"మా అత్తయ్య మా పెళ్ళిఫోటో ఏనాడూ తుడవలేదండి. వీటిని మాత్రం వారంవారం తుడుస్తుంది," అంది మెర్సీ.

"ఫోటో అన్నం పెడుతుందేంటే?" అంది జ్ఞానమ్మ.

డబ్బు మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మావాడు వీటిల్లో మొక్కలు వేస్తానంటున్నాడండి, కింద చిల్లు పెట్టి. అంతకన్నా మీ ఇంటికి పోవడమే నయం. గ్యాసుపొయ్యి మీద మా మెర్సీకి కుదరట్లేదు. టౌన్లో వాళ్ళందరూ మళ్ళీ మట్టికుండల్లోనే వండుకుంటున్నారంట కదండీ, టీవీలో చూశాను. ఒంటికి మంచిదంట."

ఆ మాట అనేసరికి హరిచందన అక్కడ లేదు. చట్టిని పసిపిల్లలా పట్టుకుని ఆటో దగ్గరికి వెళ్ళిపోయింది. విన్నవాడు వెంకటరత్నం ఒక్కడే. వండటానికి కాదు అని ఆయన చెప్పవచ్చు. చెప్పలేదు. కుండల మధ్య గడ్డి పెట్టి సర్దుతున్న జ్ఞానమ్మని చూస్తూ నిలబడ్డాడు.

రెండ్రోజుల్లో గూళ్ళు నిండాయి. నడిమధ్య పెద్ద గూట్లో దాక పెట్టింది హరిచందన. లైట్లు వేసేసరికి, నిజం చెప్పాలంటే, వెంకటరత్నానికి కూడా బాగానే అనిపించింది.

ఆ సాయంత్రం ఆయన తల్లి అప్పాయమ్మ మేడ చూస్తానంది. తొంభైకి దగ్గర పడిన మనిషి. కొడుకు భుజం పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కింది. వంటిల్లు చూసి బాగుందంది. దేవుడి మందిరం చూసి దణ్ణం పెట్టుకుంది. హాల్లోకొచ్చి గోడ ముందు ఆగింది.

"ఇవెక్కడివే?"

"జ్ఞానమ్మగారని, మావయ్యగారికి తెలిసినావిడ ఇచ్చారు మామ్మగారూ. అరవై ఏళ్ళ నాటివి! అన్నీ వాళ్ళ వంటింట్లో వాడినవే."

అప్పాయమ్మ గూటికేసి వంగి చూసింది.

"అంటే ఆ ఇంట్లో అరవై ఏళ్ళుగా ఎవరూ పోలేదా?"

హరిచందనకి ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకు పోలేదు? వాళ్ళ అత్తగారు పోయారట. వాళ్ళాయన కూడా పోయారు."

"పోతే కుండలెలా మిగిలాయి?"

అప్పుడు వెంకటరత్నం కళ్ళు మూసుకున్నాడు. తెలియని సంగతి కాదు. ఇంట్లో మనిషి పోతే ఆ మైలకి వంటింట్లో మట్టికుండలన్నీ తీసి బయట పారేస్తారు. ఇత్తడికైతే చింతపండు వేసి తోమితే మైల పోతుంది. మట్టి అన్నిటినీ పీల్చుకుంటుంది కాబట్టి దానికి తోముడు లేదు. అందుకే కోడలు ఎన్ని అటకలెక్కినా చుట్టాలిళ్ళలో ఒక్క కుండా దొరకలేదు. జ్ఞానమ్మ వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి ఆ పట్టింపు లేదు, కాబట్టి కుండలు నిలిచాయి. స్టీలు సామాను వచ్చాక ఎవరూ ఈ ఊసే ఎత్తటం లేదు, ఆయన కూడా మరిచిపోయాడు.

అప్పాయమ్మ వెనక్కి తిరిగింది. "నన్ను కిందకి దింపరా."

కింద మంచంమీద కూర్చుని తేల్చి చెప్పేసింది. "చావుమైల తగిలిన కుండలు పెట్టుకున్న ఇంట్లో నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను. మీరు పైకి పొండి, నాకేం కోపం లేదు. ఆ పాత స్టవ్ ఇక్కడుంచండి. నా గుప్పెడు మెతుకులు నేనుడికించుకుంటాను."

వెంకటరత్నం ఆ పాత స్టవ్ వైపు చూశాడు. పెళ్ళాం పోయినప్పుడు కూడా ఆ ఇంట్లో పొయ్యి ఒక్కటే ఉంది. తమ్ముళ్ళు వేరుపడి వెళ్ళినప్పుడూ తల్లి ఆయన పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు మేడమీద ఒక పొయ్యి, గోడౌనులో బస్తాల మధ్య ఇంకో పొయ్యి. అక్కడ తొంభై ఏళ్ళ మనిషి ఒక్కతే ఉడకేసుకుని తింటుంది. ఊళ్ళోవాళ్ళ సంగతి తర్వాత, ఆయనకే పైన ముద్ద దిగదు.

హరిచందన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మావయ్యగారూ, ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"తోచలేదు."

"మీరు మాట్లాడకపోతే మాట్లాడకపోయారు, కనీసం దగ్గచ్చు కదండీ!" అంది. ఏడుస్తూనే నవ్వింది.

సుమంత్ ఉపాయం చెప్పాడు. "గృహప్రవేశం అయ్యేదాకా మంచం కింద పెట్టేద్దాం. మామ్మ పైకొచ్చి అలవాటుపడ్డాక నెమ్మదిగా..."

"మంచం కిందున్నా ఇంట్లో ఉన్నట్టే కదరా భడవా!" అని గదిలోంచి వినిపించింది. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి అప్పాయమ్మకి.

మర్నాడు ఆవిడే ఒక దారి చెప్పింది. మట్టికి శుద్ధి లేకపోలేదు. కుమ్మరి ఆములో పెట్టి మళ్ళీ కాలిస్తే కొత్త కుండతో సమానం. నిప్పులో మైల నిలవదు. అలా కాల్పించి తెచ్చుకుంటే తనకి అభ్యంతరం లేదంది.

హరిచందన ఆశగా లేచింది. వెంకటరత్నం ఈసారి గుర్తుపెట్టుకుని నోరు తెరిచాడు. "నలుపు పోతుందమ్మా. ఎర్రగా వస్తాయి."

"అంతా పోతుందా?"

"ఆము వేడికి మసీ ఉండదు, నూనే ఉండదు. పగలకపోతే అదృష్టం."

హరిచందన మేడమీదకి వెళ్ళి చాలాసేపు ఆ గోడ ముందు కూర్చుంది. దిగి వచ్చి, "వద్దు మావయ్యగారూ," అంది. "ఆవిడ అరవై ఏళ్ళు వండితే వచ్చిన నలుపు. నా గూటికోసం దాన్ని కాల్చెయ్యలేను. తిరిగి ఇచ్చేద్దాం. మామ్మగారు కింద ఒక్కరూ వండుకుంటే నేను పైన ఏం తింటాను?"

వెంకటరత్నం ఆటోకి కబురు చేశాడు. కుండలు సర్దుతుంటే అప్పాయమ్మ చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా? ఎండగా ఉంది."

"మీరు దారిలో ఎక్కడో దాచేసి వస్తారు, మిమ్మల్ని నమ్మలేను. పైగా, ఆవిడెవరో నేను చూడాలి."

బుల్లియ్య ఆటోలో ముందు సీట్లో వెంకటరత్నం, వెనక అత్తాకోడళ్ళలా ముసలావిడా మనవడి పెళ్ళామూ, మధ్యలో కుండలు. అప్పాయమ్మ చీరకొంగు కుండకి తగలకుండా దగ్గరికి లాక్కుని కూర్చుంది.

జ్ఞానమ్మ వాళ్ళని చూసి కంగారుపడింది. కుండలు దిగుతుంటే ముఖం చిన్నబుచ్చుకుంది. "ఏంటండీ, కారిపోతున్నాయా?"

హరిచందన మావగారి వైపు చూసింది. వెంకటరత్నం నేల చూస్తున్నాడు. అప్పాయమ్మ అరుగుమీద కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నీతో మాట్లాడదామని వచ్చానమ్మా. మీ ఆయన పోయిన రోజున ఈ కుండలు బయట పారెయ్యలేదా?"

"ఎందుకండీ పారెయ్యడం?" జ్ఞానమ్మకి నిజంగానే అర్థం కాలేదు. "ఆ రోజు ఇంటినిండా జనం. పాస్టరుగారొచ్చారు, మా ఆయన అక్కచెల్లెళ్ళొచ్చారు. సమాధి తోటనించి వచ్చేసరికి పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. ఏసుపాదం అన్నయ్యని, మా వీధిలోనే ఉండేవాడు, ఆయన పెళ్ళాం ఈ కుండలోనే అన్నం వండింది. పారేస్తే దేంట్లో వండుతుందండీ?"

అప్పాయమ్మ దాకవైపు చూసింది.

"మా ఆయన తిన్న దాకండీ ఇది. ఆయన పోయాడు, దాకేం చేసిందండీ పాపం?"

మెర్సీ నిమ్మకాయ నీళ్ళు తెచ్చింది. వెంకటరత్నం, హరిచందన తీసుకున్నారు. అప్పాయమ్మ వద్దని చెయ్యి ఊపింది. మెర్సీ ఏమీ అనుకోలేదు, అనుకున్నా పైకి తేలనివ్వలేదు.

అప్పుడు అప్పాయమ్మ అంది. "మా ఆయన పోయినప్పుడు మావన్నీ పారేశారు. మా అత్తగారే దగ్గరుండి పారేయించారు. నాకో తోడుచట్టి ఉండేది. అందులో తోడుపెడితే పెరుగు కత్తితో కోసినట్టు వచ్చేది. నేను గదిలో కూర్చున్నాను, బయటికి రాకూడదు కదా. వీధి చివర కుండలు పగులుతుంటే వినిపిస్తోంది. నా చట్టి ఏ చప్పుడులో పగిలిందో నాకు తెలిసింది." కొడుకు వైపు గడ్డంతో చూపించింది. "వీడప్పుడు చిన్నవాడు. కొత్త చట్టిలో పెరుగు మట్టివాసన వేస్తోందని ఎన్నాళ్ళో అన్నం తినలేదు. నాన్న ఏడంటే తప్పుకునేదాన్ని, పాత పెరుగు ఏదంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు."

వెంకటరత్నానికి అది జ్ఞాపకం లేదు. తల్లి ముఖం వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు. మాట్లాడకపోవడం తన ఒక్కడికే వచ్చిన విద్య కాదన్నమాట.

"అయ్యో," అంది జ్ఞానమ్మ. కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి అరుగుమీద ఆవిడ పక్కన, మర్యాదకి కాస్త దూరంగా కూర్చుంది. ఇద్దరూ కుండల్ని చూస్తూ ఉన్నారు.

తర్వాత అప్పాయమ్మ గొంతు సవరించుకుంది. ఈసారి హరిచందనని అడిగింది. కోర్టులో ప్లీడరు అడిగినట్టే అడిగింది. "ఇవి పొయ్యి ఎక్కుతాయా?"

"ఎక్కవు మామ్మగారూ."

"నీళ్ళు పడతారా?"

"పట్టం."

"ఉప్పో పప్పో పోస్తావా?"

"ఏమీ పొయ్యను. ఊరికే చూసుకోవడానికే."

"అయితే వంటసామాను కాదు. పటం లాంటివి. గోడనున్న పటానికి మైలేంటి?" అంది అప్పాయమ్మ. తన సందేహం తనే తీర్చుకున్నట్టు తల ఊపింది. "వంటింటి గడప మాత్రం దాటకూడదు. దాటితే నా స్టవ్ నాకిచ్చెయ్యాలి."

హరిచందన ముఖం విప్పారింది. కాని జ్ఞానమ్మ ముఖం ముడుచుకుపోయింది.

"వండరా? ఒక్కసారీ వండరా?" అంది.

ఇది తను చెప్పవలసిన జవాబని వెంకటరత్నానికి తెలుసు. "వండరు జ్ఞానమ్మా. గూట్లో పెట్టి లైటు వేస్తారు. ఆ రోజు నువ్వు టీవీ మాట చెప్పినప్పుడే అనాల్సింది. అనలేదు."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం జ్ఞానమ్మ ఎప్పుడూ వినలేదు. ఆశ్చర్యంగా చూసింది. తర్వాత లేచి కుండల దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్కటీ తడిమింది. అన్నం కుండలకి అంచులు కాస్త ఎగిరాయి, చట్టి అడుగు పలచబడింది. వాటిని పక్కకి జరిపింది. పులుసు దాక దగ్గర ఆగిపోయింది.

"ఇవి ముసలివైపోయాయండి. కూర్చోబెట్టి చూసుకుంటానంటే చూసుకోండి. ఈ దాకకి మాత్రం ఇంకా ఒంట్లో సత్తువుంది. దీన్ని ఊరికే కూర్చోబెట్టడం నాకు మనసొప్పడం లేదమ్మా." హరిచందన వైపు చూసింది. "ఏమీ అనుకోవు కదా?"

హరిచందనకి నడిమధ్య గూడు గుర్తుకొచ్చి ఉంటుంది. ఆ గోడంతా ఆ దాక చుట్టూనే కట్టుకుంది. ఒక్క క్షణం దాకవైపే చూసి, తనే రెండు చేతులతో ఎత్తి జ్ఞానమ్మకి ఇచ్చింది.

"గ్యాసు మీద కుదరదన్నారుగా?" అంది.

"కట్టెలపొయ్యి పెరట్లో ఉందమ్మా. నేను వేస్తాను మంట. ఈవిడగారు అరుగుమీద కూర్చుని వాసన చూస్తుంది," అని మెర్సీని చూపించింది.

"వాసన చూసి ఊరుకునే మనిషినా నేను!" అంది మెర్సీ.

గృహప్రవేశం రోజున మేడంతా జనం. కాకినాడ నించి సుమంత్ అక్క వచ్చి పాలు పొంగించింది. చుట్టాలందరూ గోడ ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఎక్కడ దొరికాయి, ఎలా దొరికాయి అని ఒకటే అడగటం. మధ్య గూడు ఖాళీగా ఉందేమిటని ఒకావిడ అడిగితే, "అందులోది పనిమీద వెళ్ళిందండి," అంది హరిచందన. ఆవిడ అర్థం కాక నవ్వింది.

అప్పాయమ్మ ఆలస్యంగా వచ్చింది. వెంకటరత్నం చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఆవిడ నేరుగా భోజనాల దగ్గరికి వెళ్తుందనుకుంటే, గోడ ముందు ఆగింది. చట్టి ఉన్న గూడు ఆవిడ ఎత్తుకే ఉంది. అటూ ఇటూ చూసి, వేలు మడిచి చట్టి అంచుమీద ఠక్కున ఒకసారి కొట్టింది. చెవి దగ్గరగా పెట్టింది. మరోసారి కొట్టింది.

వెంకటరత్నం కాస్త దూరంలో ఆగిపోయాడు. పటమని తేల్చినా, మైల ముట్టుకుంటే ఆవిడ స్నానం చెయ్యందే మెతుకు ముట్టదు. స్నానమంటే మడిబట్ట కోసం కిందకి దిగాలి. దిగితే ఈ పూటకి మళ్ళీ ఎక్కదు. మెట్ల వైపు తిరుగుతుందేమో అని ఆవిడ పాదాలే చూస్తున్నాడు.

ఆవిడ తిరిగి చూసేసరికి కొడుకు కళ్ళు ఎదురయ్యాయి. అప్పాయమ్మ కర్ర గోడకి ఆనించి, బంతిలో చివర పీటమీద నెమ్మదిగా కూర్చుంది.

"ఆకు వెయ్యమ్మా చందనా, ఆకలేస్తోంది," అంది.